పదకొండో నంబరు

బొబ్బిలి
3 జులై 2024

విశాలీ,

నీ పత్రిక చేరింది. పోస్ట్‌మన్ వీధిలో నిలబడి పిలిచి పిలిచి, విసుగెత్తి, తవిటమ్మ చేతిలో పెట్టి పోయాడట. నా చెవుల సంగతి తెలిసీ పిలుస్తాడు, వాడిదొక పట్టుదల. ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అందరం బాగున్నాం. ఆశ్రితకి నెలాఖరుకి నెలలు నిండుతాయి. పదో తారీఖున నేనూ మీ అత్తయ్యా భావనపాడు వెళ్ళి పిల్లని పురిటికి తీసుకొస్తాం. అల్లుడికి స్కూల్లో సెలవు దొరకదట. లెక్కల మాస్టారు లేకపోతే ఆ ఊరు మునిగిపోతుంది కాబోలు.

వ్యాసం మొత్తం చదివాను. ఏడు పేజీల్లో నాకు అర్థమైనవి నీ పేరు, మీ ప్రొఫెసర్ నారాయణమూర్తిగారి పేరు, శీర్షిక. అప్పుడే పుట్టిన పిల్లల రక్తంలో విషం చేరితే పెద్దాసుపత్రి దూరమైన చోట ఏ ఇంజెక్షన్ ఎంత ఇవ్వాలి అన్నదే కదా? చివర్లో ఉన్న జాబితా మాత్రం రెండుసార్లు చదివాను. ముప్ఫై నాలుగు నంబర్లు. తవిటమ్మ తొంగిచూసి "ఏటి బాబూ ఇవి, బస్సు టైములా?" అంది. కాదే, మా విశాలి ఎవరెవరి దగ్గర విద్య నేర్చుకుందో ఆ పేర్లు అన్నాను. "ఇంతమందే! మరి నీ పేరేదీ అందులో?" అని అడిగింది. నోరు మూసుకుని పప్పు చూసుకోమన్నాను.

ఒక్క మాట చెప్పాలి. నీకు తొమ్మిదేళ్ళప్పుడు, నవరాత్రుల్లో అందరి ముందూ వీణ పట్టుకుని, ఎవరు నేర్పారమ్మా అని అడిగితే "పద్మత్తయ్య" అన్నావు. ఇంటికొచ్చాక నీ చెవి మెలిపెట్టాను, గుర్తుందా? మన ఇంట్లో పాఠం ఎవరి నోటి నుంచి విన్నా మూలగురువు పేరే చెప్పాలి, మధ్యలోవాళ్ళ పేరు చెప్పకూడదు అన్నాను. నీ జాబితాలో పదకొండో నంబరు చూసి నాకు అదే గుర్తొచ్చింది. 1974 నాటిది! యాభై ఏళ్ళ కిందటిది ఎక్కడ సంపాదించావే? దాన్ని చూసి ఎంతమంది తిరగరాసి ఉంటారో. వాళ్ళందర్నీ దాటి మూలానికి వెళ్ళావు. నా చేతి మెలిక వృథా పోలేదు.

నీ మావయ్య
త్యాగరాజు


విజయనగరం
9 జులై 2024

మావయ్యా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. సంతోషంతో అయితే బాగుండేది.

అత్తయ్య నిన్న ఫోన్ చేసి ఆశ్రితకి మూడు వారాల ముందే అక్కడే కాన్పు అయిపోయిందని, ఆడపిల్లని చెప్పింది. తాతవైపోయావు. ఈ మాటతోనే ఉత్తరం మొదలుపెట్టి ఉండాల్సింది కానీ, వారం రోజులుగా నా బుర్ర నా దగ్గర లేదు.

బరంపురం నుంచి ఒక పెద్దాయన, రిటైరైన పిల్లల డాక్టరు, పత్రికకి ఉత్తరం రాశారు. ఎంతో మర్యాదగా రాశారు. "మీ మూడో పట్టికలో ఇంజెక్షన్ మోతాదుకి పదకొండో నంబరు ఆధారం అన్నారు. అది ఏ పేజీలో ఉందో చెప్పగలరా?" అంతే. ఎడిటర్ దాన్ని నాకు పంపి, పదిహేను రోజుల్లో జవాబు ఇమ్మన్నారు.

మావయ్యా, పదకొండో నంబరు నేను ఎప్పుడూ చూడలేదు.

ఇక్కడి పద్ధతి నీకు చెప్తాను. వైద్య పత్రికల్లో వ్యాసంలో ఒక మాట రాస్తే అది ఎక్కడ చదివామో దాని నంబరు పక్కన వేయాలి. మొదట వచ్చినదానికి ఒకటి, తర్వాతదానికి రెండు, అలా. చివర్లో ఆ నంబర్ల వరసలోనే రచయితల ఇంటిపేర్లు, పొడి అక్షరాలు, పత్రిక, సంవత్సరం, పేజీలు. ఒక చుక్క అటూ ఇటూ అయితే తిప్పి పంపుతారు. నేను ఆ చుక్కలన్నీ నెల రోజులు కూర్చుని సరిచేశాను. ఒక్క చుక్క కూడా తప్పు లేదు.

కానీ ఆ మోతాదు నేను చదివింది వేరే చోట. పదేళ్ళ కిందటి ఒక వ్యాసంలో. వాళ్ళు 1974 నాటి పరిశోధనని చూపించి ఆ అంకె ఇచ్చారు. నేను వాళ్ళని వదిలేసి, వాళ్ళు చూపించిన పాతదాన్నే చూసినట్టు నంబరు వేశాను. దొంగతనం అనిపించలేదు. మర్యాద అనిపించింది. నువ్వు చెప్పినట్టే, మధ్యలోవాళ్ళ పేరు చెప్పకూడదు కదా.

ఇప్పుడు ఆ పాత పరిశోధన ప్రతి కోసం ఢిల్లీలో ఒక లైబ్రరీకి రాశాను. అందులో అదే అంకె ఉంటే బతికాను. లేకపోతే ఏమిటో ఆలోచించలేను. మా వార్డులో మేం గోడ మీది పాత చార్టు ప్రకారమే ఇస్తాం, ఆ పట్టిక చిన్న ఆసుపత్రుల వాళ్ళ కోసం విడిగా రాసింది. ఎవరైనా దాన్ని చూసి మందు ఇస్తే? నారాయణమూర్తి సార్‌కి చెప్తే "ఇలాంటివి ఎవరు చదువుతారమ్మా, కంగారు పడకు" అన్నారు. ఒకాయన చదివాడు కదా మరి.

తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే, ఎడిటరేమో అని తీయడం మానేశాను. ఈ సంగతి అత్తయ్యకి కూడా చెప్పొద్దు.

నీ
విశాలి


బొబ్బిలి
14 జులై 2024, ఆదివారం

విశాలీ,

పిరికిదానా! ఇంతేనా సంగతి? ఎవరో పని లేని పెద్దమనిషి పేజీ నంబరు అడిగితే అన్నం మానేస్తావా? నా కచేరీలకి కూడా ముందు వరసలో ఒకాయన వచ్చి కూర్చునేవాడు, తాళం తప్పుతుందేమోనని వేళ్ళు లెక్కపెడుతూ. అలాంటివాళ్ళు అన్ని విద్యల్లోనూ ఉంటారు. పెద్దల పేరు చెప్పుకోవడం తప్పెలా అవుతుంది? నువ్వేం అబద్ధం రాయలేదు. మూలంలో ఉన్నదే మధ్యలోవాళ్ళు చెప్పారు, వాళ్ళు చెప్పిందే నువ్వు రాశావు. పాఠం అలాగే కదా వస్తుంది.

నువ్వు ఎవరికీ చెప్పొద్దన్నావు కాబట్టి మీ అత్తయ్యకి చెప్పలేదు. కానీ ఊరుకోలేక నారాయణమూర్తిగారికి ఒక ఉత్తరం రాసి పడేశాను, అడ్రసు వ్యాసం కిందే ఉంది కదా. మా ఇంట్లో మూలం పేరు చెప్పడం మూడు తరాల ఆచారమనీ, మా పిల్ల పాత పుస్తకం చూడకపోయినా గురువు మీద భక్తితోనే అలా వేసిందనీ, ఆయన నీకు అండగా నిలబడాలనీ వివరంగా రాశాను. పెద్దమనిషిలాగే ఉన్నాడు, అర్థం చేసుకుంటాడు.

ఇక అసలు సంగతి. పసిదానికి నాలుగో రోజున ఒళ్ళు కాలిపోయి, పాలు తాగడం మానేసిందట. కంగారు పడకు, వెంటనే అక్కడికి దగ్గర్లోని ఆసుపత్రిలో చేర్చారు. మీ అత్తయ్య అక్కడే ఉంది. ఇక్కడ నేనూ తవిటమ్మా. ఫోన్లు దానికే వస్తాయి, అది నా ముఖం ముందుకొచ్చి పెదాలు సాగదీసి చెప్తుంది. "బాబూ, పిల్లకి సూదులేస్తన్నారు. శుక్రారం సాయంత్రం కాడ్నించి, పొద్దున్నొకటి, సాయంత్రమొకటి. పాలు తాగుతన్నాది" అంది.

నువ్వు గర్వపడే మాట ఒకటుంది. అక్కడి డాక్టరు పృథ్వీరాజ్ అని కుర్రవాడట. ఆశ్రిత మాటల్లో నీ పేరు చెప్తే, "విశాలి మేడమ్ మీకు వదినా! ఆవిడ పేపర్లో పట్టిక చూసే కదా మీ పాపకి డోసు రాశాను, మా వార్డులో అతికించుకున్నాం కూడా" అన్నాడట. చూశావా? నువ్వు రాసింది ఎక్కడో ఎవరికో కాదు, మన పిల్లకే పనికొచ్చింది. ఇంకా ఏడుస్తావా?

త్యాగరాజు


భావనపాడు
17 జులై 2024

మావయ్యా,

నీ ఉత్తరం నిన్న పదకొండు గంటలకి వార్డులో నా చేతికొచ్చింది. చివరి పేరా రెండుసార్లు చదివాను. ఆశ్రితకి ఫోన్ కలిపి, ఏడుపు ఆపుకోలేక, చెప్పాల్సింది కాగితం మీద రాసి నర్సుకి చూపించాను. నర్సు నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, పాపకి సాయంత్రం ఇంజెక్షన్ ఆపమని చెప్పింది. తర్వాత నేనే పృథ్వీరాజ్‌తో మాట్లాడాను. దొరికిన బస్సెక్కి సాయంత్రానికి ఇక్కడికి చేరాను.

ఇప్పుడు నేను రాసేది నీకు సూటిగా చెప్పాలి. ఢిల్లీ నుంచి పాత పరిశోధన ప్రతి సోమవారం మధ్యాహ్నం వచ్చింది. అందులో ఆ అంకె ఉంది. కానీ అది రోజు మొత్తానికి. రెండు భాగాలుగా చేసి ఇవ్వాలి అని స్పష్టంగా ఉంది. మధ్యలోవాళ్ళు దాన్ని ఒక్కో సూదికి అన్నట్టు రాసేశారు. నేను వాళ్ళది చూసి, పన్నెండు గంటలకొకసారి అంత ఇవ్వమని పట్టికలో వేశాను. పక్కన పదకొండు అని నంబరు పెట్టాను. ఆ నంబరు చూసి ఎవరు అనుమానిస్తారు? యాభై ఏళ్ళ కిందటి పెద్దల మాట అని నమ్మారు.

మన పాపకి రెట్టింపు మందు పడింది మావయ్యా. శుక్రవారం సాయంత్రం నుంచి మంగళవారం పొద్దుటి వరకు, ఎనిమిది సూదులు.

ఇంకొకటి ఉంది, అది చెప్పకపోతే ఈ ఉత్తరం కూడా అబద్ధమే అవుతుంది. సోమవారం మధ్యాహ్నమే నాకు నిజం తెలిసింది. సార్ దగ్గరికి పరిగెత్తాను. "ఎడిటర్‌కి జవాబు ఎలా రాయాలో రెండు రోజులు ఆలోచిద్దాం, అంతవరకు ఎవరితోనూ అనకు" అన్నారు. నేను సరే అన్నాను. ఉద్యోగం పోతుందని భయమేసి సరే అన్నాను. ఆ ఒక్క రోజులో పాపకి రెండు సూదులు పడ్డాయి. వాటిని వేసింది పృథ్వీరాజ్ కాదు, పాత పరిశోధన కాదు, మధ్యలోవాళ్ళు కాదు. నేను.

ఆ మందు ఎక్కువైతే కిడ్నీలు దెబ్బతింటాయి. చెవులు పోతాయి. కిడ్నీ పరీక్ష ఈ పొద్దున్న వచ్చింది, కాస్త ఎక్కువ చూపించింది, తగ్గే అవకాశం ఉంది. జ్వరం పోయింది, వేరే మందు మొదలుపెట్టారు. చెవుల సంగతి ఇప్పుడే తెలియదు. కొన్నాళ్ళు ఆగాలి.

అత్తయ్య నాతో మాట్లాడటం లేదు. ఆశ్రిత మాత్రం ఒక్క మాట అడిగింది. "వదినా, నువ్వు రాసిందే కదా వేసేరు? మరి నువ్వే ఆపమంటావేటి?" నేను చెప్పాను. తను పాపని దగ్గరకి లాక్కుని గోడ వైపు తిరిగిపోయింది.

నాకు చాలా భయంగా ఉంది మావయ్యా.

విశాలి


బొబ్బిలి
18 జులై 2024

విశాలీ,

నిన్నటి నుంచి ఇంట్లో అన్నం ఉడకలేదు. మీ అత్తయ్య ఫోన్‌లో ఏడ్చిందట. తవిటమ్మ చెప్పిందాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది: "పిల్లకి సూదులు ఆపించీసినాది బాబూ, ఇశాలమ్మే ఆపించీసినాది. ఆ పేపరు గొడవలో తన పేరు బయటికొస్తాదని బయమంట."

ఇది నిజమా? జ్వరంతో ఉన్న పసిగుడ్డుకి, పని చేస్తున్న మందు, నీ పేపరు మీద ఎవడో ప్రశ్న వేశాడని ఆపించావా? రేపు పిల్లకి ఏమైనా అయితే నీ పట్టిక వల్ల కాలేదని చెప్పుకోవడానికా? నీకు చదువు చెప్పించమని మీ నాన్నతో పోట్లాడింది నేను. నీలో ఇంత పిరికితనం ఉందని అప్పుడు తెలిస్తే వీణతోనే సరిపెట్టేవాణ్ణి.

నా పిల్ల పిల్ల అది. ఈ ఉత్తరం అందగానే ఆ మందు మళ్ళీ వేయించు. ఆ తర్వాతే నాకు జవాబు రాయి.

త్యాగరాజు


బొబ్బిలి
20 జులై 2024

విశాలీ,

నీ పదిహేడో తారీఖు ఉత్తరం ఈ రోజు వచ్చింది. నా పద్దెనిమిదో తారీఖు ఉత్తరం నీకు అంది ఉంటే చింపెయ్. అందకపోతే విప్పకు. తవిటమ్మ చెప్పింది మీ అత్తయ్య చెప్పిందని, మీ అత్తయ్య చెప్పింది ఆశ్రిత చెప్పిందని, నేను నమ్మాను. నిన్ను అడగకుండా తిట్టాను.

ఇప్పుడు నేనొకటి చెప్తాను. ఈ మాట నలభై నాలుగేళ్ళ నాటిది, బతికున్నవాళ్ళలో మీ అత్తయ్యకి తప్ప ఎవరికీ తెలియదు.

నా చెవులు వయసుతో పోలేదు. నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు క్షయ వచ్చింది. నెలల తరబడి రోజూ ఇంజెక్షన్లు వేశారు. ఊపిరితిత్తులు బాగయ్యాయి. ఒక పొద్దున్న వీణ శ్రుతి చేస్తుంటే పైస్థాయి స్వరం మీటాను, తీగ కదులుతోంది, నాకేమీ వినిపించడం లేదు. తీగ పాడైందనుకుని మార్చాను. మళ్ళీ మీటాను. ఆ పూట ఎంత భయపడ్డానో ఇన్నేళ్ళకీ ఎవరితోనూ అనలేకపోయాను. ముందు పైస్వరాలు పోయాయి, మిగిలినవి మెల్లగా పోతూ వచ్చాయి. చెవిటి మాస్టారు దగ్గరికి పిల్లల్ని ఎవరు పంపుతారు? అందుకని దాచాను. ఈ మధ్య వయసు మీద పడ్డాక ఆ వంక దొరికింది, ఊపిరి పీల్చుకున్నాను.

ఆ రోజుల్లో ఆ సూదులు వేసిన డాక్టరు కూడా ఎవరో రాసింది చూసే వేసి ఉంటాడు. ఆయన మంచివాడే. నా ప్రాణం కాపాడాడు. కానీ చెవిలో హోరు మొదలైందని నేను రెండుసార్లు చెప్తే, పుస్తకంలో ఇంతే ఉందయ్యా అన్నాడు. ఆ పుస్తకం ఆయన విప్పి చూశాడో లేదో నాకు తెలియదు.

అదే మందు నా మనవరాలికీ వేశారా? ఆ జాతిదేనా? నాకు నిజం రాయి. తేలిక చేసి రాయకు.

నీ మీద నాకు కోపం ఉంది. లేదని రాస్తే అబద్ధం అవుతుంది. కానీ ఆ కోపంలో సగం నా మీదే. నీ చెవి మెలిపెట్టి ఆ పాఠం నేర్పింది ఈ చెయ్యే.

త్యాగరాజు


విజయనగరం
30 జులై 2024

మావయ్యా,

అవును, ఆ జాతిదే.

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు అందాయి. మొదటిది విప్పాను. అందులో ఉన్నదీ పూర్తిగా అబద్ధం కాదు. నా పేరు బయటికొస్తుందని నేను నిజంగానే భయపడ్డాను, కాకపోతే అది ఆపించడానికి ముందు రోజు. ఆ ఉత్తరం చింపలేదు, దాచుకున్నాను.

చిన్నప్పుడు నువ్వు కళ్ళు మూసుకుని బుగ్గ వీణ దండికి ఆనించి మా పాఠం వినేవాడివి. భక్తి అనుకునేవాళ్ళం. ఆ కళ్ళు మూసుకోవడం గుర్తొచ్చి మొన్న క్లాసు మధ్యలో బయటికొచ్చేశాను.

సంగతులు వరసగా చెప్తాను. పాపకి కిడ్నీ పరీక్ష మామూలుకి వచ్చింది. ఇరవై ఆరున శ్రీకాకుళంలో చెవి పరీక్ష చేశారు. చెవిలో చిన్న గొట్టం పెట్టి శబ్దం పంపితే లోపలి నుంచి బదులు రావాలి. రెండు చెవుల నుంచీ రాలేదు. అంత చిన్న పిల్లల్లో చెవిలో జిగురున్నా రాకపోవచ్చు, ఆరు వారాల తర్వాత నిద్రపుచ్చి పెద్ద పరీక్ష చేయాలి అన్నారు. నువ్వు తేలిక చేయొద్దన్నావు, అందుకని ఇదీ చెప్తున్నాను: జిగురు కాకపోవచ్చు కూడా. ఒకవేళ వినికిడి పోతే అది నా పట్టిక వల్లనా, జ్వరం వల్లనా, ముందే పుట్టడం వల్లనా అన్నది ఎవరూ ఎప్పటికీ చెప్పలేరు. అలా తప్పించుకునే దారి ఉండటం నాకు ఇంకా భయంగా ఉంది.

ఆ పట్టికని ఫోటో తీసి డాక్టర్ల గ్రూపుల్లో పంచుకున్నారు. పృథ్వీరాజ్ ఆ గ్రూపుల్లోని ఆసుపత్రుల పేర్లన్నీ ఇచ్చాడు, పాపం, ఆ కుర్రవాడు నాకంటే ఎక్కువ వణుకుతున్నాడు. ఇచ్ఛాపురం నుంచి సాలూరు దాకా పంతొమ్మిది ఆసుపత్రులకి ఒక్కొక్కదానికీ నేనే ఫోన్ చేశాను. చాలామంది వాళ్ళ పాత చార్టునే నమ్ముకున్నారు, దేవుడి దయ. నలుగురు పిల్లలకి మాత్రం నాది చూసి ఇచ్చారు. ఆ నలుగురికీ పరీక్షలు పెట్టించాను. ఒక తల్లి ఫోన్‌లో "ఏటైనాది తల్లీ, నాకు తిన్నగా సెప్పు" అని అడిగింది. తిన్నగానే చెప్పాను.

నీ ఉత్తరం సార్‌కి చేరింది. "పాత పుస్తకం చూడకపోయినా" అని నువ్వు రాసిన మాట ఆయన ఎర్ర సిరాతో గీసి నా ముందు పెట్టారు. "ఇంటి గుట్టు బయటపెట్టి, మీ మేనమామ చేత సాక్ష్యం కూడా రాయించావు" అన్నారు. నిన్ను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఆ కాగితం చూశాకే నాకు దాచుకునే దారి పూర్తిగా మూసుకుపోయింది. అది మంచిదే అయింది.

ఎడిటర్‌కి పంపే జవాబు మీద ఆయన సంతకం పెట్టనన్నారు. నేనొక్కదాన్నే ఎడిటర్‌కి రాసి పంపాను. మూడో పట్టిక తప్పు, ఎవరూ వాడకండి, పదకొండో ఆధారం నేను చదవకుండా వేశాను, చదివిన చోటు ఇది, అది కూడా తప్పే అని. విచారణ వేస్తారు. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. మిగిలిన ముప్ఫై మూడూ ఒక్కొక్కటి తెచ్చుకుని మళ్ళీ చదువుతున్నాను. ఇంకో రెండు కూడా నేను చూడకుండా వేసినవేనని తేలింది. వాటిలో అంకెలు సరిగ్గానే ఉన్నాయి. సరిగ్గా ఉన్నాయని చదివే దాకా నాకు తెలియదు కదా, అదే నన్ను వణికిస్తోంది.

సెప్టెంబర్ ఆరున పాప పరీక్ష. ఆ రోజు నేను విచారణ ముందు కూర్చోవాలి. ఏం తేలినా నువ్వే రాయి. ఫోన్‌లో ఎవరో చెప్తే వినే ధైర్యం నాకు లేదు.

విశాలి


బొబ్బిలి
8 సెప్టెంబర్ 2024

విశాలీ,

నిన్న చవితి. మట్టి వినాయకుడికి తవిటమ్మే పత్రి కోసుకొచ్చింది, నాకు చెట్టు పేర్లు చెప్తూ పోయింది, నేను తలూపుతూ పోయాను. మనసు అక్కడ లేదు.

శుక్రవారం శ్రీకాకుళం నేనూ వెళ్ళాను. "ఇంటికాడ కూకోక నువ్వెందుకు బాబూ, ఏటి ఇనుపడతాదని?" అని తవిటమ్మ అడ్డం పడింది. వినడానికి కాదు, చూడటానికి అన్నాను. పిల్లకి పాలు పట్టి నిద్రపుచ్చారు. తలకి తీగలు అతికించారు. గంటన్నర పట్టింది. పరీక్ష చేసినమ్మాయి బయటికొచ్చి మీ అత్తయ్యతో ఏదో చెప్పింది. మీ అత్తయ్య నా వైపు తిరిగి నవ్వి, బాగానే ఉందన్నట్టు చెయ్యి ఊపింది. నలభై ఐదేళ్ళు కాపురం చేసినవాణ్ణి, ఆ నవ్వు నాకు తెలుసు. నాకు క్షయ లేదని చెప్పినప్పుడు కూడా అదే నవ్వు నవ్వింది. లోపలికి వెళ్ళి ఆ అమ్మాయిని కాగితం అడిగాను. నాకు రాసి చూపించమన్నాను. ఓపికగా రాసింది.

కుడి చెవి బాగుంది. ఎడమ చెవి నుంచి సరిగ్గా బదులు రాలేదు. పూర్తిగా పోయిందని కాదు, ఉందనీ చెప్పలేం. మూడు నెలల తర్వాత మళ్ళీ చూస్తారు.

ఆ కాగితం నకలు ఇందులో పెట్టాను. నా మాట మీద ఉండకు, అది చదువు.

తర్వాత అందర్నీ బొబ్బిలి తీసుకొచ్చేశాను. నిన్న పూజ అయ్యాక ఆశ్రిత ఒళ్ళో పిల్ల మేలుకుని ఉంటే, నేను వెనక చేరి, కనబడకుండా, కుడివైపు నుంచి వీణ మీటాను. పిల్ల పాలు తాగడం ఆపేసింది. కళ్ళు పెద్దవి చేసింది. మళ్ళీ తాగింది. మళ్ళీ మీటాను, మళ్ళీ ఆపింది. ఆశ్రిత గట్టిగా ఏడ్చిందని తర్వాత చెప్పారు. నాకు దాని భుజాలు కదలడం కనిపించింది. ఏడుపు అయ్యాక అది నీ పేరు ఎత్తింది, తవిటమ్మని అడిగి కాదు, నేనే దాని పెదాలు చూసి చెప్తున్నాను. "వదినని రమ్మను నాన్నా" అంది.

ఇక నా పని. నీ మాట విన్నాక నేనూ నా జాబితా తీశాను. నా చెవులు పోయిన ఏడాది నేను వీణ అమ్మేద్దామని, వీణలు చెక్కే నూకయ్య దగ్గరికి వెళ్ళాను. అతను వీణ తీసుకోలేదు. నా అరచెయ్యి పట్టుకుని పనస దండి మీద పెట్టి, తీగ మీటి, "బాబూ, సెవితోనే ఇనాలని ఎవులు సెప్పేరు? ఇదిగో, సేత్తో ఇను" అన్నాడు. రెండేళ్ళు అతని కొట్టులో, మైనంలో మెట్లు కూరుస్తూ, ఏ స్వరం చెక్కలో ఎలా అదురుతుందో నేర్పాడు. ఆ తర్వాత నేను నేర్పిన ప్రతి పాఠం, నీకు నేర్పింది కూడా, అతని చేతి నుంచి వచ్చిందే. ఎవరైనా అడిగితే మూలగురువు అని మా తాతగారి పేరు చెప్పాను. ఆయన్ని నేను చూడనైనా లేదు, నేను పుట్టకముందే పోయారు. ఆచారం అన్నాను. అసలు కారణం, నూకయ్య పేరు చెప్తే చెవుల సంగతి చెప్పాల్సి వస్తుందని భయం. నూకయ్య పోయి పన్నెండేళ్ళయింది. ఒక్కరి ముందు కూడా అతని పేరు చెప్పలేదు.

నిన్న మన పాఠాల పుస్తకం మొదటి పేజీలో తాతగారి పేరు కొట్టేయలేదు, కిందికి దించాను. పైన ఒకటో నంబరు వేసి నూకయ్య పేరు రాశాను. మీ పద్ధతిలోనే, బిరుదులేమీ లేకుండా. సంవత్సరం కూడా వేశాను. రెండో నంబరు మీ అత్తయ్య, పద్మకుమారి. నీకు తొమ్మిదేళ్ళప్పుడు నువ్వు చెప్పిందే నిజం. నీ చెవి మెలిపెట్టాల్సింది కాదు.

నీ ఉద్యోగం ఏమైందో రాయి. ఉన్నా పోయినా, ఆ మిగిలిన నలుగురు పిల్లల సంగతి కనుక్కోవడం మానకు.

ఇంకొకటి మిగిలింది. పిల్లని ఒళ్ళో అటు తిప్పి పడుకోబెట్టమని, ఎడమవైపు నుంచి కూడా మీటాను. మూడుసార్లు మీటాను. మీ అత్తయ్య కదిలిందంది, తవిటమ్మ కదిలిందంది, అల్లుడూ కదిలిందన్నాడు. నేను చూస్తూనే ఉన్నాను విశాలీ. నాకు తెలియలేదు. తెలియలేదనే రాస్తున్నాను. నువ్వు వచ్చి చూడు.

నీ మావయ్య
త్యాగరాజు